బామీకి తెలుగేది: చల్లనా, వెచ్చనా, ఆహ్లాదకరమా?

ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘బామీ (balmy) ఈవినింగ్’ దగ్గర ఆగిపోయాను. ఒంటికి హాయిగా ఉండే సాయంత్రమని దానర్థం. ముందు తోచిన మాట ‘ఆహ్లాదకరం’. తప్పు కాదు గానీ అది వాతావరణ వార్తల మాట. నెల్లూరులో మిద్దెక్కి ‘ఆహా, ఎంత ఆహ్లాదకరంగా ఉండాదో’ అన్న మనిషిని నేనింతవరకు చూళ్లేదు.

‘సమశీతోష్ణం’ ఇంకా దూరం. అది భూగోళం పాఠంలోది. ఆ మండలం 23½ డిగ్రీల అక్షాంశం దాటాక మొదలవుతుంది, మన నెల్లూరు 14½ కూడా దాటలేదు.

ఇక మిగిలినవి చల్లన, వెచ్చన. పేచీ అంతా వీటితోనే. బామీలో ఉన్నది ‘బామ్’, అంటే ఒంటికి రాసుకునే పరిమళపు లేపనం. చలిదేశపు మాట కాబట్టి దాని హాయి వెచ్చదనంలో ఉంది. మనకు హాయంటే చల్లదనమే. దీవిస్తే ‘చల్లగా ఉండు’ అంటాం, ఓర్వలేకపోతే కడుపుమంట అంటాం. మే నెలలో మా కావలి ఊరి గురించి ‘వెచ్చని సాయంత్రం’ అని రాస్తే చదివేవాళ్లు విసనకర్ర వెతుక్కుంటారు.

ఆ నెలలో పొద్దుటి నుంచే పడమటి గాలి కొడుతుంది. నేల కాగి, దాని మీది గాలి పైకి లేస్తే సముద్రం మీది గాలి ఆ చోటికి రావాలి. పడమర జోరుగా ఉంటే అది లోపలికి రావడం ఆలస్యమవుతుంది. దండెం మీది పంచె తూర్పు నుంచి పడమటికి ఎగరడం చూసి మా అవ్వ, ‘గాలి తిరిగింది నాయనా, మిద్దె మీద నీళ్లు చల్లు, పక్కలేద్దాం’ అనేది. అప్పుడు థర్మామీటరు చూస్తే ఇంకా ముప్పై పైనే. అయినా మేము దాన్ని చల్లగాలి అనే అనేవాళ్లం. బామీ అంటే ఇదే కదా!

పరిమళం కూడా కావాలంటే చందనపు వాసన మోసుకొచ్చే ‘మలయమారుతం’ ఉంది. పద్యంలో బాగుంటుంది, వచనంలో పట్టుచీర కట్టుకుని చేపల బజారుకెళ్లినట్టుంటుంది. ‘తెమ్మెర’ ముద్దుగా ఉంటుంది గానీ అది గాలికే సరిపోతుంది, సాయంత్రానికి చాలదు.

నా వ్యాసంలోది లండన్‌లో ఏప్రిల్ సాయంత్రం. అందుకని ‘చలి విరిగిన సాయంత్రం’ అని రాశాను. నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రతీరం అయ్యుంటే ‘చల్లగాలి వేళ’ అని రాసేవాణ్ణి.