గవ్వలు, జలాంతర్గామి, గుహ మీద రైలు: విశాఖలో నాలుగు రోజులు

గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖ స్టేషన్లో ఆగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. బ్యాగులు దించి నేను టీ కోసం చూస్తుంటే, మాలో రైళ్లంటే ప్రాణమిచ్చేవాడు పక్క ప్లాట్‌ఫాం చివరికి నడిచాడు. హౌరా–చెన్నై దారిలో విశాఖ మీదుగా పోయే రైళ్లు ఇక్కడ ఏ వైపు నుంచి వచ్చాయో మళ్లీ ఆ వైపుకే బయలుదేరతాయి. అందుకే ఇంజన్ను ఈ కొసన విప్పి ఆ కొసన తగిలిస్తారు. "అది చూడకుండా స్టేషన్ దాటేది లేదురా" అన్నాడు. నలుగురం అరగంట నిలబడి చూశాం. కప్లింగ్ బిగించే కుర్రాణ్ణి వాడు ఏదో అడిగితే, అతను చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గా చెప్పాడు.

హైదరాబాద్‌లో మేం ప్రతి ఆదివారం ఎవరో ఒకరింట్లో కలుస్తాం. కాఫీ, కేరమ్స్, క్విజ్, మధ్యలో గొడవలు. ఒకడికి రైళ్లు, నాకు యంత్రాలు. అక్క జియాలజీ చదివి ఇప్పుడు స్కూల్లో పాఠాలు చెబుతోంది, ఆమెకు రాళ్లంటే ఇష్టం. ఆమె తమ్ముడికి కాఫీ తప్ప ఇంకేం అక్కర్లేదు. ఎప్పుడు ఊళ్లు తిరిగినా ముందు లిస్టు రాసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోయేవాళ్లం. ఈసారి రోజుకి ఒకటో రెండో చోట్లకే వెళ్లి, అక్కడున్నవాళ్లను అడిగి తెలుసుకోవాలని అనుకున్నాం. విశాఖలో అడిగితే విసుక్కోకుండా చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. ఈ నాలుగు రోజులూ నచ్చింది అందుకే.

ముందు బస సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది. బీచ్ రోడ్డుకి దగ్గర్లో సీ వ్యూ గదులని ఒక హోటల్ బుక్ చేశాం. ఫోటోలో కిటికీ నిండా సముద్రం ఉంది. మాకిచ్చిన గది కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ, దాని సందులోంచి అరచేతి వెడల్పున నీలం. అడిగితే "ఆ ఫోటో పై అంతస్తుది సార్, దాని రేటు వేరు" అన్నారు. రాత్రి ఏసీ నుంచి మంచం మీదికి నీళ్లు కారాయి. ఫోన్ చేస్తే బాయ్ బకెట్ తెచ్చిపెట్టి వెళ్లాడు. రెండు రాత్రులకి కట్టిన డబ్బులో ఒక రాత్రిది వదులుకుని మర్నాడు పొద్దున్నే ఖాళీ చేశాం. చాలా బాధ కలిగింది. డబ్బు పోయినందుకు అంత లేదు గానీ, మొదటి ఉదయం ఆ టెన్షన్‌లో గడిచిపోయిందనే.

తర్వాత ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి పై అంతస్తు దొరికింది. కింద ఇంటివాళ్లుంటారు, పైన రెండు గదులు, ముందు విశాలమైన డాబా. సముద్రం కనిపించదు, కానీ ఆటో ఎక్కితే పది నిమిషాల్లో బీచ్. ఇంటావిడను మేం పిన్నిగారూ అనే పిలిచాం. పొద్దున్నే మాకంటే ముందు లేచి "కాఫీ పెట్టేశాను, రాండి" అని కిందినుంచి కేకేసేవారు. కుటుంబంతో వెళ్లేవాళ్లకైనా, మాలాంటి స్నేహితుల గుంపుకైనా ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇలాంటి ఇళ్లే మంచివని నా గట్టి అభిప్రాయం. బుక్ చేసేముందు ఫోన్ చేసి, మీకిచ్చే గది వీడియోనే పంపమనండి. మేం ఆ పని చేయలేదు.

ఇక ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి. చిన్నప్పుడు స్కూలు వాళ్లతో వచ్చి పది నిమిషాల్లో ఈ చివర ఎక్కి ఆ చివర దిగిపోయాను. ఈసారి మామూలు రోజున, మధ్యాహ్నం తెరవగానే వెళ్లాం. సోమవారం సెలవు, ఆదివారం జనం తోసుకుంటారు. అందుకని మంగళవారం నుంచి శనివారం లోపల మధ్యాహ్నం పూట వెళ్లడం మేలు.

సోవియట్ యూనియన్లో కట్టిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి ఇది. 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001 ఫిబ్రవరిలో సర్వీసు ముగించుకుంది. మర్నాటి ఏడాదికల్లా రామకృష్ణా బీచ్ ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్ల పైనే. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాలి.

చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. మాకు దొరికిన పెద్దాయన ముందు అందరికీ చెప్పే మాటలు చెప్పుకుంటూ వెళ్తున్నారు. ముందు ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు, మొత్తం 22 టార్పెడోలు పట్టేవని, వాటి పక్కనే మనుషుల పడకలని. నేను ఆగి అడిగాను: "సార్, డీజిల్ ఇంజన్‌కి గాలి కావాలి కదా, నీళ్లలో ఎలా నడిచేది?"

ఆయన ముఖం వెలిగింది. వెనకొచ్చే బ్యాచ్‌ని పంపేసి మా నలుగురినీ ఇంజన్ గదిలో నిలబెట్టారు. "నీళ్ల మీద ఉన్నప్పుడో, గొట్టం ఒక్కటి పైకి పెట్టి అడుగున ఉన్నప్పుడో డీజిల్ నడుస్తుంది బాబూ. అది బ్యాటరీలు నింపడానికి. బాగా కిందికి దిగాక డీజిల్ ఆగిపోవాలి, అప్పుడంతా బ్యాటరీ మీదే. మూడు డీజిల్ ఇంజన్లు, మూడు మోటార్లు, వెనక మూడు ప్రొపెల్లర్లు." బ్యాటరీ అయిపోతున్న కొద్దీ మళ్లీ పైకి రావాల్సిందే, అదే పెద్ద గండం అన్నారు. పైకి గొట్టం పెట్టిన ప్రతిసారీ శత్రువు కంట పడే ప్రమాదం ఉంటుందట.

తర్వాత అందర్నీ ఒక నిమిషం మాట్లాడవద్దన్నారు. పైన ఎవరో నడుస్తున్న చెప్పుల శబ్దం గోడలంతా పాకుతూ వినబడింది. "చూశారా? ఇందులో స్పానర్ జారి కిందపడితే, నీళ్లలో వినేవాడి చెవిన పడినట్టే." ఆయన చెయ్యి అప్పటిదాకా ఒక ఎర్ర వాల్వు చక్రం మీద ఉంది. వేళ్లు పట్టే నాలుగు చోట్ల రంగు పోయి కింద లోహం మెరుస్తోంది. ఎన్నేళ్ల నుంచి ఎన్ని చేతులు తిప్పాయో. డెబ్బైమందికి పైగా మనుషులు, అంతమందికీ సరిపోనన్ని పడకలు. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పక్క మీదే ఇంకొకడు పడుకునేవాడట. తాగే నీళ్లు లెక్క, స్నానం ఊసే లేదు. బయటికొచ్చి గంటన్నర అయిందని చూసుకుని ఆశ్చర్యపోయాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, ఇరుకు గదుల్లో ఊపిరాడనట్టుండేవాళ్లకూ లోపల కష్టమే. గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం. ఇటు ఒడ్డున జలాంతర్గామి, అటు పక్కన జలాంతర్గాముల్ని వేటాడే విమానం! రెండూ రష్యన్ యంత్రాలే, రెండూ మన నౌకాదళానివే. ఒకే సాయంత్రం ఈ రెండూ చూసే అవకాశం ఇంకే ఊళ్లో దొరుకుతుంది? ఈ విమానం నాలుగు ఇంజన్లకీ ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి అటు తిరిగితే ఇంకోటి ఇటు తిరుగుతుంది. మొదటిది గాలిని మెలితిప్పి వెనక్కి నెడుతుంది, రెండోది ఆ మెలికను విప్పి ఆ శక్తిని కూడా వాడుకుంటుంది. ఈ రకం విమానాలు మన నౌకాదళంలో 29 ఏళ్లు, మొత్తం 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరి 2017లో విశ్రాంతి తీసుకున్నాయి. నీళ్లలో శబ్దం వినడానికి పైనుంచి జారవిడిచే సోనోబోయ్‌లు కూడా ఉన్నాయి. వాటి ముందు నిలబడితే, పెద్దాయన చెప్పిన స్పానర్ మాట మళ్లీ చెవిలో పడింది. రెండూ కలిపి, ముందు కుర్సురా తర్వాత ఇది, ఈ వరుసలోనే చూడండి.

చీకటి పడ్డాక బీచ్‌లో మురీ మిక్స్చర్. స్టీలు గిన్నెలో మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశెనగలు, కారం, నిమ్మరసం వేసి, గరిటెతో టకటకమని అంచు మీద కొడుతూ కలుపుతారు. ఆ చప్పుడు వింటేనే నోరూరుతుంది. తింటూ నడుస్తుంటే గవ్వలమ్మే ఆయన కనిపించాడు. అష్టాచమ్మా ఆడదామని అక్కకి ఆలోచన వచ్చింది. ఒకే సైజువి నాలుగు ఏరి, ఆయన పరిచిన గుడ్డ మీదే వేసి చూశాం. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ నాలుగూ బోర్లాపడ్డాయి. "ఇయ్యన్నీ బోర్లాయే పడతన్నాయి బాబూ, ఏరేవి ఎంచుకోండి" అని ఆయనే వేరే గవ్వలు తీసిచ్చాడు. అమ్ముకునే మనిషి అంత శ్రద్ధ పెట్టడం చూసి ఇంకో నాలుగు కూడా కొన్నాం.

ఆ రాత్రి డాబా మీద సుద్దముక్కతో అయిదు వరసల గళ్లు గీశాం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లాపడితే అష్టా, ఏది పడినా మళ్లీ ఆట. పిన్నిగారు ఆరేసిన బట్టలు తీసుకోడానికి వచ్చి నిలబడిపోయారు. "అవతలవాళ్ల కాయ ఒకటైనా చంపకుండా లోపలి గళ్లలోకి వెళ్తారేటి?" అని మందలించారు. మేం ఆ రూలు మర్చిపోయాం. ఆమె కూర్చున్నారు, పదకొండు దాటేదాకా లేవలేదు. హైదరాబాద్‌లో డబ్బులు పోసి కొన్న బోర్డు గేములు మా దగ్గర అరలు నిండా ఉన్నాయి. అంత కేరింతలు కొట్టిన ఆట మాత్రం వాటిలో ఈ మధ్య ఒక్కటీ లేదు.

మర్నాడు అరకు రైలు. పొద్దున ఏడు కాకముందే బయలుదేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి, జపాన్ సాయంతోనే 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఇది. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది, తర్వాత సొరంగం వెంట సొరంగం. లైను మొత్తమ్మీద 58 అని మా రైళ్లవాడు వేళ్లు ముడుస్తూ లెక్క మొదలెట్టి, చిమిడిపల్లి దగ్గర లోయ చూస్తూ తప్పిపోయాడు. ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు, ముందు ఇంజన్ల జట్టుతో మెల్లగా దిగుతుంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అద్దాల కప్పు, తిరిగే కుర్చీలున్న విస్టాడోమ్ పెట్టె ఈ రైలుకి 2017 నుంచి ఉంది. వెళ్లేటప్పుడు ఇద్దరికే అందులో టికెట్లు దొరికాయి, మిగతా ఇద్దరం మామూలు పెట్టెలో. మధ్యలో సీట్లు మార్చుకున్నాం. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే విస్టాడోమ్ చాలా హాయి, ముందే బుక్ చేసుకోవాలి. నాకైతే తెరిచిన కిటికీ దగ్గర మొహానికి తగిలే చల్లగాలి, సొరంగంలోకి వెళ్లగానే పిల్లలంతా ఒక్కసారి అరిచే అరుపు ఎక్కువ నచ్చాయి.

అరకు దాకా వెళ్లకుండా బొర్రా గుహలు స్టేషన్లో దిగాం. గుహలో అక్క రాజ్యం. వాన నీరు సున్నపురాయిని కరిగిస్తూ దిగి, బొట్టు బొట్టుగా ఆ సున్నాన్నే పైన వేలాడే ఊడలుగా, కింద లేచే దిబ్బలుగా పేరుస్తుంది. రంగురంగుల దీపాలు అందంగానే ఉంటాయి, కానీ అక్క తన టార్చి తెల్ల వెలుతురు ఒక రాతి మడత మీద వేస్తే, గోధుమ రంగు, తేనె రంగు, మీగడ రంగు పొరలు పొరలుగా కనబడ్డాయి. టార్చి తప్పకుండా తీసుకెళ్లండి. మనం వచ్చిన రైలు పట్టాలు ఈ గుహ మీదుగానే వెళ్తాయని ఆమె చెప్పగానే రైళ్లవాడు తలెత్తి కప్పు వైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

అక్కణ్ణుంచి కారులో అరకు. తమ్ముడికోసం కాఫీ మ్యూజియం, తోట. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. అరకు లోయ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలు లేకుండా తాగితే దాని పుల్లదనం తెలుస్తుందని తమ్ముడు బతిమాలి తాగించాడు, నిజమే. మధ్యాహ్నం బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. ఎదురుగా కాల్చే చోటే తినండి. కారు మాట్లాడినప్పుడు ఒక రేటు, ఘాట్ దిగాక ఇంకో రేటు అన్నాడు డ్రైవర్. పట్టుబడితే సగానికి ఒప్పుకున్నాడు. ముందే రాతపూర్వకంగా మెసేజ్ తీసుకోండి, లేదా ఆర్టీసీ బస్సెక్కండి.

నాలుగో రోజు భీమిలి రోడ్డు. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ ఆరామం ఉంది. వాన నీళ్లు పట్టుకోడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. మీదనుంచి సముద్రం అంచు దాకా కనిపిస్తుంది. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే రాయి కాలుతుంది. అదే రోడ్డు మీదున్న ఎర్రమట్టి దిబ్బలకు 2014లో భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. పేరుకి మట్టి గానీ అదంతా ఇసుక. అక్క చిటికెడు అరచేతిలో పోసి భూతద్దం ఇచ్చింది. ఒక్కో రేణువు చుట్టూ పల్చటి ఎర్ర పూత, అది ఐరన్ ఆక్సైడ్. సముద్రం ముందుకొచ్చి, వెనక్కిపోయి, గాలి ఎగరేసి, వేల ఏళ్లలో పేర్చిన దిబ్బల్ని వాన కోసి లోయలు చేసింది. చూశాక ఆ చిటికెడూ ఎక్కడిదక్కడే పోసేసింది. దయచేసి అంచుల మీదికి ఎక్కవద్దు, మన కాళ్ల కిందే అవి కూలిపోతాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి, మాడుగుల హల్వా కొనుక్కుని వచ్చేశాం.

తిరుగు ప్రయాణం వందే భారత్‌లో. సికింద్రాబాద్, విశాఖ మధ్య 2023 జనవరిలో మొదలైంది, ఎనిమిదిన్నర గంటల్లో ఇంటికి చేరుస్తుంది. రాత్రి నిద్రలో పోవాలంటే గోదావరి, గోదావరి నదిని పగటి వెలుగులో చూడాలంటే ఇది. రాజమండ్రి వంతెన మీద ఉన్నప్పుడు నా జేబులోంచి గవ్వ ఒకటి సీటు కిందికి దొర్లింది. ముందు సీటు పాప వెతికి తెచ్చి "ఇదేంటి అంకుల్?" అంది. అక్క నోటుబుక్కు తీసి ట్రే మీద గళ్లు గీసింది. విజయవాడ వచ్చేసరికి ఆ పాప రెండు కాయలు పండించేసింది.