ఇంటి విలువ ఎవరు కట్టాలి: బ్రోకరా, టేపు పట్టుకొచ్చిన కుర్రాడా, సంతకం పెట్టే వాల్యుయరా?

హోమ్ లోను పెట్టుకున్నవాళ్లకు ఇది అనుభవమే. బ్యాంకు వాల్యుయర్ వస్తాడని ఇల్లు సర్దుకుని కూర్చుంటే, బైకు మీద ఒక కుర్రాడు దిగుతాడు. గదులు కొలుస్తాడు, నాలుగు వైపులా ఫోటోలు తీస్తాడు, ప్లాన్ కాపీ అడుగుతాడు. మనం ఉండబట్టలేక "ఎంత రావచ్చు బాబూ?" అంటాం. అతను మొహమాటానికి ఏదో ఒక అంకె చెప్తాడు.

ఆ అంకెను అక్కడే వదిలేయండి. కొలతల్ని మాత్రం పక్కనే నిలబడి చూసుకోండి. దస్తావేజులో 40 × 45 అడుగులని, అంటే 200 గజాలని ఉందనుకుందాం. టేపు పెడితే రోడ్డు వైపు 38 అడుగులే తేలింది. అంటే ఉన్నది 190 గజాలే. గజం 60 వేలైతే 6 లక్షలు ఎగిరిపోయినట్టే.

కంపెనీల చట్టం కింద నమోదైన వాల్యుయర్లకు 2017లో వచ్చిన నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వాల్యుయర్ ఇతరుల నుంచి సమాచారం తీసుకోవచ్చు. ఏం తీసుకున్నాడో రిపోర్టులో చెప్పాలి. ఆ సమాచారం ఎవరు తెచ్చినా, తేల్చిన విలువకు బాధ్యత ఆయనదే. కాబట్టి సహాయకుడు, అంటే ఆ టేపు కుర్రాడు, కొలవొచ్చు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తెప్పించొచ్చు, చుట్టుపక్కల రేట్లు విచారించొచ్చు. గజానికి ఇంత అని తేల్చి సంతకం పెట్టడం అతని పని కాదు. భూములు, భవనాల వాల్యుయర్ కావాలంటే తగిన డిగ్రీ, కొన్నేళ్ల అనుభవం, 50 గంటల శిక్షణ, పైన పరీక్ష ఉన్నాయి మరి.

ఇక బ్రోకర్. నిజం చెప్పాలంటే, అమ్మకం ధర దగ్గర వాల్యుయర్ కంటే ఇతనికే ఎక్కువ తెలుసు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో కనిపించే రేటు, చేతులు మారిన అసలు రేటు చాలాచోట్ల ఒకటి కావు. పక్క వీధిలో తూర్పు ఫేసింగ్ బిట్టు ఎంతకు తెగిందో, వీధిపోటు ఉన్న స్థలం ఎన్నాళ్లుగా అమ్ముడుపోకుండా ఉందో అతని నోటి మీదుంటాయి. కానీ బేరం కుదిరితేనే అతనికి కమీషన్. అమ్మేవాడికి ఆశపెట్టి ఎక్కువ చెప్పడం, తర్వాత "మార్కెట్ డల్‌గా ఉందండీ" అంటూ దించడం మామూలే. రిజిస్టర్డ్ వాల్యుయర్ అలా పని జరిగితేనే ఫీజు అనే ఒప్పందం పెట్టుకోకూడదు. నా దృష్టిలో ఇద్దరికీ అసలు తేడా ఇదే. బ్రోకర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందంటారా? అది రెరా ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టడానికి. విలువ కట్టడానికి కాదు.

రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించే మార్కెట్ విలువ ఆ ఖర్చు లెక్కకు పనికొస్తుంది. దాన్ని మరీ తీసిపారేయకూడదు. మీరు అమ్మిన ధర కంటే అది 10 శాతానికి మించి ఎక్కువుంటే, ఆదాయపు పన్ను దగ్గర దాన్నే అమ్మకం ధరగా లెక్కిస్తారు.

మరి ఏది మేలు? అమ్మడానికైతే ముగ్గురు బ్రోకర్లను విడివిడిగా అడగండి, చాలు. లోనుకైతే బ్యాంకు ప్యానెల్ వాల్యుయర్ (బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్న వాల్యుయర్) మాటే చెల్లుతుంది. 80 లక్షలకు మాట్లాడుకున్న ఫ్లాటుకు ఆయన 70 కట్టాడనుకోండి. 30 నుంచి 75 లక్షల లోపు లోనుకు విలువలో 80 శాతమే పరిమితి కాబట్టి 64 రావాల్సింది 56 దగ్గర ఆగుతుంది. ఆ 8 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. అందుకే అడ్వాన్సు ఇచ్చేముందే ఆయన కట్టే విలువ తెలుసుకోవడం మంచిది.

2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తి అమ్మితే, పన్ను కోసం ఆ తేదీ నాటి విలువ చూపించుకోవచ్చు. దానికి బ్రోకర్ జ్ఞాపకశక్తి చాలదు, వాల్యుయర్ రిపోర్టు కావాలి. అన్నదమ్ముల పంపకాల్లోనూ అంతే. ఒకరి స్నేహితుడైన బ్రోకర్ చెప్పిన రేటును రెండోవారు నమ్మరు. ఇద్దరూ కలిసి ఒకే వాల్యుయర్‌ను మాట్లాడుకుని, ఫీజు చెరిసగం పెట్టుకుని, టేపు పట్టేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉండాలి.