బోగార్ట్ పాత సినిమాలు: డీవీడీనా, బ్లూరేనా?

హాలీవుడ్ నటుడు హంఫ్రీ బోగార్ట్ 1930లలో వార్నర్ బ్రదర్స్‌కి చేసిన చిన్నాచితకా గ్యాంగ్‌స్టర్ వేషాలు కూడా కావాలంటే డీవీడీలే దిక్కు. వాటిలో కొన్నిటికి బ్లూరే రానేలేదు. పాత సెట్లు సెకండ్ హ్యాండ్‌లో చవక కూడా.

కానీ 'ది బిగ్ స్లీప్' లాంటి నలుపు తెలుపు సినిమాకి నీడలే ప్రాణం. డీవీడీ బొమ్మలోని 480 అడ్డగీతల్లో అవి అలుక్కుపోతాయి. బ్లూరే 1080 గీతల్లో ఫిల్మ్ గ్రెయిన్‌తో (ఫిల్మ్‌కి సహజంగా ఉండే సన్నటి చుక్కలతో) సహా కనిపిస్తాయి. 1946లో విడుదలైన వెర్షన్‌తో పాటు 1945 నాటి కట్ రెండు ఫార్మాట్లలోనూ ఉంది కాబట్టి, అదనపు డబ్బు కేవలం బొమ్మ కోసమే. నా ఓటు బ్లూరేకే, 'కాసాబ్లాంకా'కైతే మరీను.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు రీజియన్ (డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే కోడ్) చూసుకోవాలి: అక్కడి డీవీడీ 1, మనది 5, బ్లూరేలో అక్కడ ఎ, ఇక్కడ సి.