స్ప్లెండర్‌లో ఏడేళ్లు, నాలుగు రకాల ఇంజన్ ఆయిల్

నాది 2018లో కొన్న స్ప్లెండర్ ప్లస్. ఇప్పటికి 64 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ చంద్రగిరి నుంచి తిరుపతికి డ్యూటీ, నెలకు రెండుమూడు సార్లు చిత్తూరు, అప్పుడప్పుడూ తిరుమల కొండ. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. ఈ ఏడేళ్లలో నాలుగు రకాల ఆయిల్ పోసి చూశాను. అందులో ఒకటి మమ్మల్ని ఘాట్ రోడ్డు మీద నిలబెట్టేసింది. ముందు దాని సంగతే చెప్తాను.

2019 చివర్లో ఒక షెడ్డులో సర్వీసుకు ఇచ్చాను. బైకు ఆయిల్ అయిపోయిందని మెకానిక్ కారు ఆయిల్ పోశాడు. "ఏం కాదన్నా, ఇది ఇంకా కాస్ట్లీ ఆయిలు" అన్నాడు. సరే, మంచిదే పడింది కదా అనుకున్నాను. వారం రోజులు తేడా తెలియలేదు. ఆ శనివారం నా భార్యను వెనక కూర్చోబెట్టుకుని కొండకు బయలుదేరాను. అలిపిరి దాటి ఎక్కుడు మొదలయ్యాక యాక్సిలరేటర్ ఇస్తుంటే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. కాసేపటికి మాడిన వాసన. పక్కకు ఆపి అరగంట చల్లారనిచ్చాం. వెనక నుంచి బస్సులు, జీపులు వస్తుంటే నాకు ఒకటే టెన్షన్. చివరికి క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది.

కారణం తర్వాత తెలిసింది. కారులో గేర్లకు వేరే ఆయిల్ ఉంటుంది. మన బైకుల్లో ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్స్ చాలావాటిలో రాపిడి తగ్గించే మందు ఎక్కువ కలుపుతారు. ఇంజన్‌కు అది మేలే. కానీ క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే రాపిడి ఉండాలి కదా, అవే జారిపోతాయి. అందుకే డబ్బా మీద జాసో (జపాన్ వాళ్లు పెట్టిన ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకు. ఆ రెండక్షరాలు చూసుకుని ఉంటే ఆ రోజు ఇంటావిడను ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టేవాడిని కాదు.

తర్వాత ఇంకొక షెడ్డు. "మన ఎండలకు పల్చటి ఆయిల్ నిలవదన్నా, చిక్కనిదే పొయ్యాల" అని 20డబ్ల్యూ-40 పోశారు. తిరుపతి ఎండలు తెలిసినవాళ్లకు ఆ మాట నిజమే అనిపిస్తుంది. కానీ ఆ రెండో అంకె బయటి ఎండను బట్టి కాదు, 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. మొదటిది చల్లగా ఉన్నప్పటి సంగతి. ఈ ఇంజన్‌కు కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-30. చిక్కటిది పోశాక పొద్దున్నే కిక్ బరువెక్కింది, ఫస్ట్ గేర్ టక్కుమని పడేది, మైలేజీ కూడా కొంచెం తగ్గింది. పైగా ఎంత పడుతుందో చూడకుండా లీటరు డబ్బా మొత్తం వంపేశారు. నేను ఒక్క సర్వీసుతో మానేశాను.

2021 నవంబరు వరదల్లో మా వీధిలో నిలిచిన నీళ్లలో బండి సగం మునిగింది. స్టార్ట్ చేయకుండా ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి చూశాను. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే లోపలికి నీళ్లు చేరాయన్నమాట. వంచేసి కొత్తది పోశాం. 200 కిలోమీటర్లు తిప్పి అదీ తీసేసి మళ్లీ పోశాం. రెండు డబ్బాల ఖర్చుతో ఇంజన్ దక్కింది. ఆయిల్ నల్లబడితే భయపడక్కర్లేదు, మసిని తనలోకి లాక్కోవడం దాని పని. తెల్లబడితే మాత్రం బండి కదపొద్దు.

తర్వాత ఏడాదిన్నర పాటు ఫుల్లీ సింథటిక్ (ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారుచేసే ఆయిల్) 10డబ్ల్యూ-30, ఎంఏ2 వాడాను. బాగుంది, అబద్ధం చెప్పను. గేర్లు మెత్తగా పడ్డాయి. కొండ దిగేటప్పుడు రెండో గేరులో అంతసేపు వచ్చినా శబ్దం మారలేదు. కానీ ధర మినరల్‌కు, అంటే ముడి చమురు శుద్ధిచేసి తీసే మామూలు ఆయిల్‌కు, దాదాపు రెట్టింపు. ఎక్కువ దూరం వాడుకుందామంటే స్ప్లెండర్‌లో కాగితపు ఆయిల్ ఫిల్టర్ లేదు, ఉన్నది జాలీ, గిర్రున తిరిగి మడ్డిని పట్టే ఫిల్టర్ మాత్రమే. అందుకని 3 వేల కిలోమీటర్లకే మార్చేవాడిని. అలాంటప్పుడు ఆ ధర ఎందుకు? మళ్లీ మామూలు మినరల్ 10డబ్ల్యూ-30, ఎంఏ రకానికే వచ్చేశాను. మార్చగలిగే ఫిల్టర్ ఉన్న పెద్ద బండి మీద రోజూ చెన్నై, బెంగళూరు తిరిగేవాళ్లయితే సింథటిక్ తీసుకోండి, మీకు గిట్టుతుంది.

ఇప్పుడు డబ్బా నేనే కొని షెడ్డుకు తీసుకెళ్తాను, సీలు నా ముందే తీయిస్తాను. 50 వేలు దాటాక బండి కొద్దికొద్దిగా ఆయిల్ తాగుతోంది, మూడు వేలకు వంద మిల్లీలీటర్ల దాకా. అందుకే చిత్తూరు వెళ్లే ముందురోజు సెంటర్ స్టాండ్ వేసి, మూడు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి, ఆపి, ఇంకో మూడు నిమిషాలు ఆగి చూస్తాను. డిప్‌స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కింది గీత దగ్గరికి వచ్చి ఉంటే ఇంట్లో డబ్బాలో మిగిలిన అదే ఆయిల్ కాస్త పోసి, పైగీత దాటకుండా ఆపేస్తాను.