తొమ్మిదేళ్లుగా వాడుతున్న పెట్రోలు లాన్ మోవర్: అది మొరాయించిన రోజుల లెక్క

కొన్న వారం రోజులకు రాసే సమీక్షలన్నీ ఒకే మాట చెబుతాయి: తాడు ఒక్కసారి లాగితే చాలు, ఇంజిన్ అందుకుంటుంది అని. కొత్తది కదా, అందుకోకపోతేనే వింత. గడ్డి కోసే నా మోవర్‌కు తొమ్మిదేళ్లు నిండాయి. పని ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. దాన్ని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. మొత్తం పదకొండు సార్లు. అందులో ఆరు పెట్రోలు పుణ్యం, మూడు నా నిర్వాకం, రెండు మాత్రమే అరుగుదల. ఇంజిన్ లోపలి భాగం తనంతట తాను చెడింది ఒక్కసారి కూడా లేదు.

ముందు యంత్రం సంగతి. 160 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, ఒకే సిలిండరు. కోత వెడల్పు 46 సెంటీమీటర్లు. బ్లేడు మీద గొడుగులా ఉండే డెక్కు ఇనుప రేకుది. కోసిన గడ్డి వెనక సంచిలో పడుతుంది. వెనక చక్రాలను ఇంజినే తిప్పుతుంది కాబట్టి తోయనక్కర్లేదు, దారి చూపిస్తే చాలు. మా పచ్చిక సుమారు 300 చదరపు మీటర్లు. గడ్డి ఏపుగా పెరిగే నెలల్లో వారానికోసారి, నలభై నిమిషాల పని. ఏడాదికి ఇరవై గంటల చొప్పున ఇప్పటికి 180 గంటలు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడిన తంటాలు ఏ పేరున్న మోవర్‌తోనైనా పడవచ్చు.

మొదటి మూడేళ్లూ కథ ఒక్కటే. గడ్డి ఎదగని నెలల్లో మోవర్‌ను ట్యాంకులో పెట్రోలుతో సహా మూలన పెట్టేవాణ్ని. మళ్లీ బయటికి తీసినప్పుడు తాడు లాగి లాగి భుజం పట్టేసేది. మొదటిసారి మెకానిక్ కార్బురేటర్‌ను (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు పంపేది) విప్పి కడిగి ఇచ్చాడు. రెండో ఏడాది అదే రోగంతో వెళితే నవ్వాడు. "సార్, మీ మోవర్‌కు ఏ జబ్బూ లేదు. మీరు పోసే పెట్రోలుకే ఉంది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అప్పుడే పోసిన పెట్రోలు కాకపోయినా, పెట్రోలు పెట్రోలే కదా అనుకున్నాను.

పెట్రోలుకు ముసలితనం వస్తుందని నమ్మడానికి మూడో ఏడాది నా చేతులతో నేనే కార్బురేటర్ కింది గిన్నె విప్పాల్సి వచ్చింది. పెట్రోలులో తేలికైన భాగం ముందు ఆవిరవుతుంది. ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడు రగిలించేది ఆ భాగమే. మిగిలింది నెమ్మదిగా చిక్కబడి బంకలా అంటుకుంటుంది. ట్యాంకులో లీటరు ఉన్నప్పుడు ఇది పెద్దగా కనిపించదు కానీ, కార్బురేటర్ కింది గిన్నెలో ఉండేది కొద్దిపాటే, దానికి గాలి తగిలే దారీ ఉంటుంది. నెల, రెండు నెలల్లో అక్కడ పసుపు పచ్చటి వార్నిష్ పొర మిగులుతుంది. పెట్రోలు పైకెక్కే జెట్ రంధ్రమేమో గుండుసూది కంటే సన్నం. ఇథనాల్ కలిసిన పెట్రోలయితే ఇంకో గొడవ: అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మోతాదు మించితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు ముందు అందేది ఆ అడుగుదే. నేను గిన్నె విప్పినప్పుడు అడుగున నీటి బుడగ దొర్లింది, లోహం మీద తెల్లని పొడి పేరుకుని ఉంది.

కార్బురేటర్ విప్పడం భయపడినంత పని కాదు. నేను చేసిన తప్పులు చెబుతాను, పనికొస్తాయి. మొదటి తప్పు, విప్పేముందు ఫొటో తీయకపోవడం. గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచేది) దగ్గర వెంట్రుకంత స్ప్రింగు ఒకటి, వంకర కడ్డీలు రెండు ఉంటాయి. ఏది ఏ రంధ్రంలోదో గుర్తుంటుందనుకున్నాను. తిరిగి బిగించడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. రెండో తప్పు, జెట్‌ను ఉక్కు సూదితో పొడవడం. ఇత్తడి మెత్తన, సూదికి రంధ్రం పెద్దదవుతుంది. ఆ తర్వాత ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతూ నల్లటి పొగ వదిలింది, జెట్ మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు కరెంటు తీగలోని సన్నటి రాగి పోగు ఒకటి తీసి వాడుతున్నాను, తర్వాత క్లీనర్ స్ప్రే కొట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి గుండ్రంగా కనిపిస్తోందో లేదో చూస్తాను. గిన్నె చుట్టూ ఉండే రబ్బరు రింగు పెట్రోలులో నాని ఉబ్బితే గాడిలో కూర్చోదు. బలవంతం చేయకుండా కొన్ని గంటలు ఆరనిస్తే మళ్లీ కుదురుకుంటుంది.

నాలుగో ఏడాది నుంచి మూలన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోలు కుళాయి కట్టేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడుపుతున్నాను. ఆ తర్వాత ఒకే ఒక్కసారి బద్ధకించాను. తర్వాతి సీజనులో ఇంజిన్ స్టార్ట్ అయింది గానీ, శబ్దం ఉయ్యాల ఊగినట్టు హెచ్చుతూ తగ్గుతూ పోయింది. సన్న జెట్ సగం మూసుకుపోయిందన్నమాట. ఇన్‌లెట్ గాస్కెట్ (కార్బురేటర్ అతుకు సందు మూసే పొర) దగ్గర గాలి లీకయినా ఇదే శబ్దం వస్తుందట కానీ, నా విషయంలో జెట్ శుభ్రం చేయగానే కుదుటపడింది.

స్టార్ట్ కాని మోవర్‌ను ఎక్కడి నుంచి చూడాలో ఇన్నేళ్లకు ఒక వరస అబ్బింది. నాలుగైదు సార్లు తాడు లాగి వెంటనే ప్లగ్ (నిప్పురవ్వ పుట్టించేది) విప్పి చూస్తాను. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి ముద్దయితే, పెట్రోలు ఎక్కువైనా అయ్యుండాలి, నిప్పురవ్వ పడకపోయినా అయ్యుండాలి. పొడిగా ఉన్నప్పుడు ప్లగ్ రంధ్రంలో చెంచాలో సగం కూడా నిండనంత తాజా పెట్రోలు వేసి, ఒలికింది తుడిచి, ప్లగ్ బిగించి లాగుతాను. రెండు సెకన్లు గర్జించి ఆగిపోతే స్పార్కూ బాగుంది, కంప్రెషనూ (సిలిండర్‌లో ఒత్తిడి) బాగుంది, తప్పు కార్బురేటర్ దారిలోనే. ఈ ఒక్క పరీక్ష తెలిసి ఉంటే మెకానిక్ దగ్గరికి రెండు ప్రయాణాలు తప్పేవి. ప్లగ్ గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే సందు, 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. కొత్త ప్లగ్ అయినా ఒకసారి కొలిచే పెడతాను.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఒక మూత. ఐదో ఏడాది మోవర్ చక్కగా స్టార్టయి, సరిగ్గా ఇరవై నిమిషాలకు ఊపిరాడనట్టు దగ్గి ఆగిపోయేది. పావుగంట ఆగితే మళ్లీ నడిచేది. వేడెక్కితే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కు కరెంటు పంపేది) చచ్చిపోవడం మామూలేనని ఎక్కడో చదివి, నిర్ధారించుకోకుండానే కాయిల్ కొన్నాను. ఫ్లైవీల్‌కూ (ఇంజిన్‌తో తిరిగే బరువైన చక్రం) దానికీ మధ్య విజిటింగ్ కార్డు పెట్టి ఎడం సరిచూసి మరీ బిగించాను. సరిగ్గా ఇరవై నిమిషాలకు మళ్లీ ఆగింది. మా బావ పక్కనే నిలబడి చూస్తూ, "ట్యాంకు మూత ఒకసారి వదులు చేయవోయ్" అన్నాడు. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతలో గాలి వెళ్లడానికి ఉండే సన్నటి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ప్రవాహం ఆగిపోతోంది. పాత కాయిల్ ఇప్పటికీ బాగానే ఉంది, డబ్బాలో దాచాను. బావ ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇక నా నిర్వాకాలు. డెక్కు కింద పేరుకున్న గడ్డి గీకడానికి మోవర్‌ను పక్కకు వాల్చాను, ఎయిర్ ఫిల్టర్ కింది వైపుకు వచ్చేలా. ఆయిల్ వెళ్లి ఫిల్టర్‌లోకీ సిలిండర్‌లోకీ చేరింది. స్టార్ట్ చేయగానే తోటంతా తెల్లటి పొగ. ప్లగ్ విప్పి కొన్నిసార్లు తాడు లాగితే ఆయిల్ బయటికి వచ్చేసింది కానీ, కాగితపు ఫిల్టర్ ఆయిల్‌లో తడిస్తే ఇక పారేయడమే. వాల్చాలంటే ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు ఆకాశం చూడాలి. అంతకంటే ముందు ప్లగ్ క్యాప్ పీకేయాలి. చేత్తో బ్లేడు కదిలిస్తే ఇంజిన్ ఒక్క తిప్పు తిరగడానికి అది చాలు. ఇందులో మాత్రం నేను ఏనాడూ బద్ధకించలేదు.

రెండోది బ్లేడు తలకిందులుగా బిగించడం. సాన పట్టి తిరిగి పెట్టేటప్పుడు అంచున పైకి లేచి ఉండే రెక్కలను నేల వైపుకు పెట్టాను. ఇంజిన్ బ్రహ్మాండంగా తిరిగింది, గడ్డి మాత్రం నలిగి పడుకుంది. ఇంత పదును పెట్టినా ఏమిటిలా అని అరగంట తిరిగాక బోధపడింది.

మూడోది ఖరీదైన పాఠం. పొడవుగా పెరిగిన గడ్డిలో దాగి ఉన్న మొద్దుకు బ్లేడు తగిలింది. ఆగిన ఇంజిన్‌ను మళ్లీ లాగితే తాడు చేతిని వెనక్కి గుంజింది. ఫ్లైవీల్‌ను షాఫ్ట్‌కు, అంటే ఇంజిన్ ఇరుసుకు, పట్టి ఉంచే చిన్న లోహపు కీ సగం తెగింది. ఫ్లైవీల్ రవ్వంత జరిగినా స్పార్క్ పడాల్సిన క్షణం తప్పుతుంది. ఇంకా లోతుగా దెబ్బ తగిలితే ఆ ఇరుసే, అంటే క్రాంక్ షాఫ్టే, వంగుతుంది, అప్పుడు బాగు చేయించడం కంటే కొత్తది కొనడమే నయం. వంగిందో లేదో చూడడానికి మెకానిక్ చూపిన చిట్కా తేలికైనది: ప్లగ్ క్యాప్ తీసేసి, బ్లేడు చేత్తో నెమ్మదిగా తిప్పుతూ మధ్య బోల్టు తలను గమనించాలి. బోల్టు ఉన్నచోటే తిరిగితే షాఫ్ట్ బాగున్నట్టు, బోల్టే గుండ్రంగా ఊగితే షాఫ్ట్ వంగినట్టు. నాది ఊగలేదు. కీ మార్చాడు, బతికిపోయాను.

అరుగుదల లెక్కలోని రెండింట్లో ఒకటి ఆరో ఏడాది వచ్చింది: వెనక చక్రాల లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగి, చక్రం తిరగకుండా కటకటమనడం మొదలైంది. రెండోది హ్యాండిల్ కడ్డీకి కట్టిన బ్రేకు కేబుల్ సాగడం. ఆ కడ్డీ వదిలితే మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి, అందుకోసం బ్రేకు ఫ్లైవీల్‌ను పట్టుకుంటుంది, స్పార్కు కూడా ఆగిపోతుంది. కేబుల్ సాగితే కడ్డీ నొక్కినా బ్రేకు పూర్తిగా వదలదు. తాడు బరువుగా వస్తుంది, ఇంజిన్ అందుకోదు. ఏ భాగమూ విప్పకముందే ఈ కేబుల్‌ను ఒకసారి చూడడం మంచిది. విసుగెత్తి కడ్డీని తాడుతో కట్టేసేవాళ్లను చూశాను, ఆ పని మాత్రం వద్దు.

ఆయిల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పట్టేది అర లీటరు పైచిలుకు. మొదటి ఐదు గంటలకు ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి మార్చాను. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ గీత దాటి పోస్తే పొగ వస్తుంది. బ్లేడును సీజనుకు రెండుసార్లు ఆకురాయితో రుద్దుతాను, వాలు సుమారు 30 డిగ్రీలు. గడ్డం గీసే పదును అక్కర్లేదు, అంత సన్నటి అంచు మొదటి రాయికే విరుగుతుంది. మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలిస్తే ఏ వైపు బరువో తెలుస్తుంది, ఆ వైపే ఇంకొంచెం రుద్దాలి. బ్లేడు మొండిదైతే ముందు చెప్పేది గడ్డే: కోసిన మర్నాడు కొసలు చీలి తెల్లబడతాయి.

ఇందులో నాకు నిజంగా నచ్చనిది డెక్కు. ఏడో ఏడాదికి గడ్డి బయటికి పోయే మూల తుప్పు పట్టి చిల్లు పడింది. తడి గడ్డిని గీకకుండా వదిలేసిన పాపం నాదే అయినా, రేకు మరీ పలుచన. లోపలి నుంచి ఒక పట్టీ బోల్టులతో బిగించి లాగిస్తున్నాను.

ఇప్పుడు కొత్తది కొనాల్సి వస్తే? తోట నా దానిలో సగమే ఉన్నవాళ్లు పెట్రోలు జోలికి వెళ్లకుండా బ్యాటరీది కొనుక్కోవచ్చని మొహమాటం లేకుండా చెబుతాను. పైన రాసిన దానిలో సగం బాధలు దానికి లేవు. చెవులకూ సుఖం. గడ్డి దట్టంగా, మొండిగా ఉండి, గంటసేపు ఆపకుండా కోయాల్సిన చోట పెట్రోలే ఇప్పటికీ సౌకర్యం. కొంటే నేను చూసేవి ఇవి: డెక్కు అల్యూమినియంది కావాలి. పెట్రోలుకు విడిగా కుళాయి ఉండాలి, చవక రకాల్లో చాలావాటికి ఉండదు. కార్బురేటర్ గిన్నె బోల్టుకు స్పానర్ నేరుగా అందాలి. డెక్కు మీద అతికించిన పేరు కంటే ఇంజిన్ మీది పేరు ముఖ్యం, చాలా కంపెనీలు ఒకరి ఇంజిన్‌నే తెచ్చి బిగించుకుంటాయి. హోండా లాంటి సంస్థే అమెరికాలో పెట్రోలు మోవర్ల తయారీని 2023లో ఆపేసింది కనుక, పదేళ్ల తర్వాత గాస్కెట్లూ జెట్లూ దొరుకుతాయా అన్న ప్రశ్న ముందే వేసుకోవాలి. అన్నిటికీ బటన్లు, తనంతట పనిచేసే చోకులు (చల్లటి ఇంజిన్‌కు గాలి తగ్గించే తలుపులు) ఉన్న రకాలంటే నాకు గురి లేదు. ఆస్ట్రేలియాలో మెర్విన్ రిచర్డ్‌సన్ 1952లో విక్టా రోటరీ మోవర్ నమూనా చేసినప్పుడు పెట్రోలు ట్యాంకుగా వాడింది ఒక ఖాళీ పీచ్ పండ్ల డబ్బా. ఇప్పటికీ ఈ యంత్రం సారం అంతే: ఒక ఇంజిన్, దాని కింద ఒక బ్లేడు. విప్పి బిగించడానికి వీలున్నంతకాలమే అది మన మాట వింటుంది.

నా నోటు పుస్తకంలో పన్నెండో నంబరు సిద్ధంగా ఉంది. స్టార్టర్ తాడు పోగులు లేచింది. కొత్త తాడు తెచ్చి రెండు వారాలైంది. కార్బురేటర్‌ను కళ్లు మూసుకుని విప్పగలను గానీ, ఆ స్టార్టర్ పెట్టెలో చుట్టుకుని కూర్చున్న స్ప్రింగును తలచుకుంటే మాత్రం ఇంకా చేయి ముందుకు రావడం లేదు. ఆదివారం బావ వస్తానన్నాడు.