గీతలున్న కప్పు: అధిక రక్తస్రావం ఉన్నవారికి ఎంతవరకు ఉపయోగం?

నెలసరి రక్తాన్ని పట్టడానికి మడిచి యోనిలో అమర్చుకునే నెలసరి కప్పుల మీద నేను చదివిన సమీక్షల్లో ఎక్కువ భాగం మామూలు మోతాదులో రక్తస్రావం అయ్యేవారు రాసినవే. పన్నెండు గంటల వరకు తీయనక్కరలేదని, పెట్టుకున్న సంగతే మరిచిపోయామని వారు రాస్తారు. రెండో రోజున గంటన్నరకొక ప్యాడ్ తడిసిపోయే నాలాంటివారికి ఆ మాటలు పనికిరావు. ఒక సిలికాన్ కప్పును పద్నాలుగు నెలలుగా వాడుతున్నాను కాబట్టి, మా అవసరానికి అది ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

ఈ వస్తువు వెనకున్న ఆలోచన పాతదే. లియోనా చామర్స్ అనే అమెరికన్ నటి 1937లోనే రబ్బరు కప్పుకు పేటెంటు పొందారు. ఇప్పుడు రబ్బరుకు బదులు మెత్తని సిలికాన్ వాడుతున్నారు. నేను తీసుకున్నది పెద్ద సైజు, దానిలో 30 మి.లీ. పడుతుందని పెట్టె మీద ఉంది. అంచుకు కాస్త దిగువన గాలి ఆడడానికి సన్నని రంధ్రాలుంటాయి, నిజానికి అక్కడి వరకే లెక్క. సిరంజితో నీళ్లు పోసి చూస్తే ఆ రంధ్రాల దగ్గరికి 25 మి.లీ. మాత్రమే తేలింది. లోపల కండరాల ఒత్తిడికి కప్పు కొంత నొక్కుకుపోతుంది గనుక వాడకంలో పట్టేది ఇంకా తక్కువే. పెట్టె మీది అంకెను చూసి కొనేవారు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి.

మొదటి రెండు నెలలూ కారింది. మడిచి పెట్టిన కప్పు లోపల పూర్తిగా విచ్చుకోకపోవడం అందుకు ఒక కారణం, అది అలవాటుతో సర్దుకుంది. సర్దుకోనిది గడ్డల సమస్య. నెలసరి రక్తం గడ్డకట్టకుండా పలుచగా ఉంచే పదార్థాలు గర్భాశయంలోనే ఉంటాయి, కానీ రక్తం మరీ వేగంగా వస్తున్నప్పుడు వాటి శక్తి చాలదు, అప్పుడే గడ్డలు పడతాయి. పెద్ద గడ్డ పడగానే కప్పు నిండినట్లే అవుతుంది, ఒక్కొక్కసారి అంచు యోని గోడను వదిలేసి పక్కనుంచి కారుతుంది కూడా. అందుచేత మొదటి మూడు రోజులూ కప్పుతోపాటు ప్యాడ్ పెట్టుకోవడం నాకు తప్పలేదు. బయట ఉన్నప్పుడు రెండు గంటలకొకసారి చేతులు కడుక్కొని, కప్పును ఖాళీ చేసి, కడిగి, మళ్లీ అమర్చుకోవడమంటే నీళ్లున్న శుభ్రమైన మరుగుదొడ్డిని వెతుక్కోవడమే. సౌకర్యమనే లెక్కలో మాత్రమే చూస్తే మాబోటివారికి దీనిని నేను గట్టిగా సిఫారసు చేయలేను.

అయినా దీనిని పారేయకపోవడానికి కారణం దాని మీదున్న కొలత గీతలు. ఎంత పోతోందని అడిగితే, అంతకుముందు నా దగ్గర ఉన్న జవాబు "చాలా" అన్నదొక్కటే. ఏళ్ల క్రితం ఒక డాక్టరు ఆ జవాబు విని, కొందరికి అంతేనని పంపించేశారు. ఇంట్లో అమ్మ కూడా మా వంశంలో ఆడవాళ్లందరికీ ఇంతేనని సర్దిచెప్పేది. ఓదార్పుగా చెప్పే ఆ మాటే డాక్టరు చెవిన తప్పక పడవలసిన సమాచారం. రక్తం సరిగా గడ్డకట్టకుండా చేసే వాన్ విల్‌బ్రాండ్ వ్యాధి వంటివి కుటుంబాల్లోనే వస్తాయి. మొదటి నెలసరి నుంచే రక్తస్రావం ఎక్కువగా ఉండడం, పన్ను తీయించుకుంటే రక్తం త్వరగా ఆగకపోవడం, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం వంటివి కూడా ఉంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది.

కప్పు వచ్చాక, తీసిన ప్రతిసారీ సమయం, మి.లీ.లు, గడ్డలు ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాను. మూడు నెలల లెక్కలో ఒక్కో నెలసరికి సుమారు 190 మి.లీ. తేలింది, ప్యాడ్‌లోకి పోయింది కాక. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వైద్య పరిశోధనల్లో చాలాకాలంగా వాడిన 80 మి.లీ. అనే హద్దు రక్తానికి సంబంధించినది, కప్పులో పడేది మాత్రం రక్తం, గర్భాశయపు లోపలి పొర, ఇతర స్రావాలు కలిసిన ద్రవం. కాబట్టి కప్పు అంకెను ఆ హద్దు పక్కన నేరుగా పెట్టి చూడకూడదు. పైగా ఇప్పటి వైద్య మార్గదర్శకాలు అంకె కోసం పట్టుబట్టవు. రక్తస్రావం స్త్రీ దైనందిన జీవితానికి, ఆరోగ్యానికి ఆటంకమవుతుంటే అది అధికమేనని అవి అంటాయి. కప్పు లేనివారికి కూడా గుర్తులు లేకపోలేదు. వరుసగా కొన్ని గంటలపాటు గంటకొక ప్యాడ్ తడవడం, ఏడు రోజులు దాటడం, రెండున్నర సెంటీమీటర్లకు మించిన గడ్డలు పడడం, రాత్రి ప్యాడ్ మార్చుకోవడానికే లేవవలసి రావడం అలాంటివే.

ఆ పుస్తకం తీసుకొని ఈసారి మరొక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ దానిని పేజీ పేజీ తిప్పి చూసి, హిమోగ్లోబిన్‌తోపాటు ఫెర్రిటిన్ పరీక్ష, స్కానింగ్ రాశారు. స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకు తక్కువైతేనే రక్తహీనత అంటారు, కానీ శరీరంలోని ఇనుము నిల్వలు అంతకు చాలా ముందే అడుగంటవచ్చు, అది ఫెర్రిటిన్‌లో తెలుస్తుంది. నా విషయంలో రెండూ తక్కువే. మెట్లెక్కితే ఆయాసం రావడానికి వయసే కారణమని అన్నాళ్లూ అనుకున్నాను. స్కానింగ్‌లో గర్భాశయపు లోపలి పొర వైపు పొడుచుకువచ్చిన చిన్న ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని కండరపు కణితి) కనిపించింది. పాలిప్‌లు (లోపలి పొర మీద పెరిగే చిన్న బుడిపెలు), అడినోమయోసిస్ (లోపలి పొర గర్భాశయ కండరంలోకి చొచ్చుకుపోవడం), అండం సక్రమంగా విడుదల కాకపోవడం, రక్తాన్ని పలుచన చేసే మందులు, గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే రాగి లూప్ కూడా ఇలాంటి రక్తస్రావానికి కారణాలు కావచ్చు.

ఇనుము మాత్రలతోపాటు, నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చారు. ఏర్పడిన గడ్డ త్వరగా కరిగిపోకుండా చూసి రక్తస్రావాన్ని తగ్గించే మందు అది, హార్మోను కాదు. గతంలో సిరల్లో రక్తం గడ్డకట్టినవారికి దానిని ఇవ్వరు గనుక ఎవరో వాడారని సొంతంగా వేసుకోకూడదు. ఈ దశలో కప్పు మళ్లీ పనికొచ్చింది. మూడో నెలకు నా లెక్క 190 నుంచి 110 దగ్గరికి దిగింది, మందు పనిచేస్తోందా లేదా అనే ప్రశ్నకు తావు లేకుండా పోయింది.

తర్వాతి మార్గంగా ఆవిడ సూచించింది లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను విడుదల చేసే లూప్. ఎక్కువమందిలో రక్తస్రావాన్ని బాగా తగ్గించే సాధనం అది, అయితే ఫైబ్రాయిడ్ ఆకారాన్ని బట్టి కుదరకపోవచ్చు. లూప్ ఉన్నవారు కప్పును లాగేటప్పుడు దాని దారం చిక్కుకొనో, కప్పు పీల్పు వల్లనో లూప్ జారిపోయే ప్రమాదం ఉంది. అడుగుభాగాన్ని నొక్కి, పట్టు వదిలాకే తీయాలన్న సూచన ఎవరికైనా అవసరమే, లూప్ ఉన్నవారు మాత్రం ముందుగా డాక్టరును అడగాలి. నా కప్పుతో వచ్చిన కాగితంలో ఈ ముక్క లేదు. మరిగించే పద్ధతికి అరపేజీ కేటాయించినవారు, కప్పు గంటలోనే నిండిపోతుంటే డాక్టరును కలవమని ఒక్క వాక్యమైనా వేయలేదు.

కొనదలచినవారు ముదురు రంగులకు పోకుండా పారదర్శకమైనదే తీసుకోవాలి, రంగు కప్పులో గీతలు సరిగా కనిపించవు. నా కప్పుకు 15 దగ్గర, 25 దగ్గర మాత్రమే గీతలున్నాయి, మధ్యలో అంతా అంచనాయే. అయిదేసి మి.లీ.లకు ఒక గీత ఉన్నది దొరికితే ఆ రోజే మార్చేస్తాను. కారకుండా ఆపే సాధనంగా దీనికి అయిదుకు రెండు, కొలపాత్రగా నాలుగు వేస్తాను.