రౌడ్ జానపద గీతాల సూచిక: పాట ఎప్పుడు సంప్రదాయమవుతుంది?

ఒక పాటను సంప్రదాయ జానపద గీతమనడానికి దాని వయసు చాలదు, కట్టినవారెవరో తెలియకపోవడమూ చాలదు. నోటి నుంచి నోటికి పోతూ అది ఎంత మారింది, ఎంత మారినా దేన్ని నిలుపుకుంది అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను పట్టుకుని వెతికేవారికి స్టీవ్ రౌడ్ అనే బ్రిటిష్ గ్రంథాలయాధికారి 1970 ప్రాంతంలో మొదలుపెట్టిన సూచిక ఎంతో అక్కరకొస్తుంది. ఆంగ్లంలో పాడిన సుమారు 25,000 పాటలకు తలా ఒక సంఖ్య ఇచ్చి, ఒక్కో పాటకు దొరికిన పాఠాల వివరాలను (ఎంట్రీలను) ఆ సంఖ్య కిందే చేర్చిన ఈ సూచికను లండన్‌లోని వాన్ విలియమ్స్ స్మారక గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు.

దీని బలం తెలియాలంటే 54వ సంఖ్య తెరవాలి. అది ‘బార్బరా అలెన్’ పాట. లండన్‌వాసి, దినచర్య రచయిత శామ్యూల్ పెపీస్ 1666 జనవరి 2న తన దినచర్యలో దీన్ని విన్నట్టు రాసుకున్నాడు. ఒక పాఠంలో కథ నవంబరులోని మార్టిన్‌మస్ పండుగ నాళ్లలో మొదలైతే, మరికొన్నింటిలో మే నెలలో మొదలవుతుంది. మంచం పట్టిన ప్రియుడు ఒకచోట సర్ జాన్ గ్రేమ్, ఇంకోచోట విలియం. పేర్లూ రుతువులూ ఇలా మారిపోయినా, చావుబతుకుల్లో ఉన్నవాడి పక్కన నిలబడి బార్బరా పలికే ‘నువ్వు చనిపోతున్నట్టున్నావు’ అనే నిర్దయమైన మాట మాత్రం దాదాపు అన్నిటా అలాగే ఉంటుంది. అంతర్జాతీయ జానపద సంగీత మండలి 1954లో అవిచ్ఛిన్నత, వైవిధ్యం, సమాజపు ఎంపిక అంటూ చెప్పిన మూడు లక్షణాలు నిర్వచనంలో కాస్త పొడిగా అనిపిస్తాయి గానీ, ఈ పాఠాలను పక్కపక్కన పెట్టి చదివితే కళ్లకు కడతాయి. ఒకరు రాసిన పాటైనా జనం నోట్లో నానితే జానపదమే అవుతుందనీ, తయారుగా అందుకుని మార్చకుండా పాడుకునేది కాదనీ ఆ నిర్వచనమే చెబుతుంది. నాకు ఈ రెండో మాటే ఎక్కువ నచ్చింది.

అయితే సూచిక పాటలను కలిపేదీ విడదీసేదీ సాహిత్యాన్ని బట్టే, బాణీని బట్టి కాదు. ఒకే వరసలో పాడుకునే రెండు కథలు రెండు సంఖ్యల కిందికి పోతాయి కాబట్టి, రాగం ఎలా ప్రయాణించిందో తెలుసుకోవాలనుకునేవారికి ఇది సగం దారి వరకే తోడు వస్తుంది. పాటలను అచ్చువేసి అమ్మిన కరపత్రాలు కూడా ఇందులో చేరినందువల్ల, ఎంట్రీలు ఎక్కువున్నంత మాత్రాన ఆ పాట అన్ని నోళ్లలో నలిగిందని అనుకోకూడదు. గాయకుడి పేరు, సేకరించిన చోటు ఉన్న ఎంట్రీలను వేరుచేసి, వాటి మొదటి పాదాలను వరుసగా చదువుకుంటే పాట ఎక్కడ కదిలిందో తెలిసిపోతుంది.